రెండు నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం: తరచుగా అడిగే ప్రశ్నలు

దూరం ఒకటే అయినా ఒక సైటు ఒక అంకె చెబుతుంది, ఇంకోటి ఇంకో అంకె. వెళ్లేటప్పుడు ఏడు గంటలు పట్టిన ప్రయాణం వచ్చేటప్పుడు ఎనిమిది దాటుతుంది. టికెట్ మీద సమయాలు చూస్తే కొన్నిసార్లు బయల్దేరకముందే దిగినట్టు కనిపిస్తుంది. ఈ అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మొదటినుంచీ వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## దూరం లెక్క దగ్గర

విమాన దూరం అంటే అసలు ఏ దూరం?

సాధారణంగా సైట్లలో కనిపించేది గ్రేట్ సర్కిల్ దూరం. అంటే భూమి ఉపరితలం వెంబడి రెండు చోట్ల మధ్య ఉండే అతి దగ్గర దారి. గ్లోబు మీద రెండు ఊళ్ల దగ్గర వేళ్లు పెట్టి మధ్యలో దారం బిగుతుగా లాగితే అది ఏ దారిన పడుతుందో అదే. విమానం నిజంగా ఎగిరే దూరం దీనికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే. రన్‌వే ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకే లేవాలి, గగనతల మార్గాలను పట్టుకోవాలి, తుఫానులుంటే పక్కకు జరగాలి, దిగే ముందు వరసలోకి రావాలి. సైటులో ఉన్న అంకె కొలబద్ద మాత్రమే, ఆ రోజు విమానం తిరిగిన దూరం కాదు.

ఒక్కో సైటులో ఒక్కో అంకె ఎందుకు వస్తోంది?

మూడు కారణాలు. మొదటిది, కొన్ని సైట్లు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తాయి, కొన్ని విమానాశ్రయం నుంచి. టోక్యోకి నరీతా విమానాశ్రయం దాదాపు 60 కి.మీ. దూరంలో ఉంది, హనేదా ఊరికి దగ్గర. ఏది తీసుకున్నారన్న దాన్నిబట్టే అంకె మారిపోతుంది. రెండోది, భూమిని పూర్తి గోళంగా లెక్కేశారా, ధ్రువాల దగ్గర నొక్కుకున్న ఆకారంగా లెక్కేశారా అన్నది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. ఈ తేడా వల్ల జవాబు అర శాతం దాకా అటూ ఇటూ అవుతుంది. మూడోది, అన్నిటికంటే పెద్దది: కొన్నిచోట్ల గ్రేట్ సర్కిల్ దూరం కాకుండా విమానం ఎగిరిన అసలు దారి పొడవు ఇస్తారు. ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాసినా మన కళ్లు అక్కడికి పోవు.

మ్యాపులో తిన్నగా గీత గీస్తే సరిపోయేదానికి విమానం వంపు తిరిగి ఎందుకు వెళ్తుంది?

వంపు విమానంలో లేదు, మ్యాపులో ఉంది. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల వైపు ఉన్న చోట్లు సాగిపోతాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 111 కి.మీ. ఉంటే 60 డిగ్రీల అక్షాంశం దగ్గరకు వచ్చేసరికి అందులో సగమే. కాబట్టి ఉత్తరార్ధగోళంలో తూర్పు పడమరలుగా దూరం వెళ్లే విమానాలు ఉత్తరానికి ఎక్కి దిగితే దారి తగ్గుతుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి వెళ్లే విమానాలు కెనడా తూర్పు తీరం పక్కనుంచి సాగడం అందుకే. దక్షిణార్ధగోళంలో ఇదే లెక్క తిరగబడుతుంది. సిడ్నీ నుంచి చిలీ రాజధాని శాంటియాగోకి వెళ్లే విమానం మ్యాపులో అంటార్కిటికా వైపు జారిపోతున్నట్టు కనిపిస్తుంది.

దూరం నేనే లెక్కపెట్టుకోవచ్చా?

శుభ్రంగా. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు. రెండు చోట్ల అక్షాంశాల సైన్లు గుణించండి. విడిగా ఆ రెండు అక్షాంశాల కొసైన్లనూ రేఖాంశాల తేడా కొసైన్‌నూ గుణించండి. రెండు లబ్ధాలూ కూడి, దానికి విలోమ కొసైన్ తీస్తే కోణం డిగ్రీల్లో వస్తుంది. దాన్ని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు.

న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయం 40.64 ఉత్తరం, 73.78 పడమర. లండన్ హీత్రూ 51.47 ఉత్తరం, 0.45 పడమర. రేఖాంశాల తేడా 73.33 డిగ్రీలు. సైన్ల లబ్ధం 0.5095, కొసైన్ల లబ్ధం 0.1356, మొత్తం 0.6451. కోణం 49.83 డిగ్రీలు. దూరం 5,540 కి.మీ. పైచిలుకు. ఒక ఊరు తూర్పు రేఖాంశంలో, ఇంకోటి పడమరలో ఉంటే రేఖాంశాలను తీసివేయకూడదు, కూడాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

11 కిలోమీటర్ల ఎత్తులో ఎగిరితే దూరం పెరగదా?

పెరుగుతుంది, కానీ పట్టించుకోదగ్గంత కాదు. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. అనుకుంటే అందులో 11 ఎంత? 10,000 కి.మీ. ప్రయాణానికి మహా అయితే 17 కి.మీ. కలుస్తుంది. ఒకటిన్నర నిమిషం కూడా పట్టదు.

మైళ్లని రాసి ఉంది. కిలోమీటర్లలోకి 1.6తో గుణిస్తే చాలా?

ఏ మైళ్లో ముందు చూడండి. రోడ్డు మైలు 1.609 కి.మీ., విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి వాడితే 15 శాతం తేడా వస్తుంది. 10,000 కి.మీ. దూరంలో అది 1,500 కి.మీ.

రెండు నగరాలు ఎంత దూరంగా ఉంటే నాన్‌స్టాప్ విమానం ఉండదు?

భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా దగ్గర దారి 20,000 కి.మీ.కు మించి పెద్దగా ఉండదు, భూమి చుట్టుకొలతలో సగం అంతే కాబట్టి. 2005 నవంబరులో బోయింగ్ 777-200ఎల్ఆర్ ఒకటి హాంకాంగ్ నుంచి తూర్పుగా పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ దాటి లండన్‌కి 21,602 కి.మీ. ఎక్కడా ఆగకుండా ఎగిరింది. 22 గంటల 42 నిమిషాలు పట్టింది. అయితే అది రికార్డు కోసం, నిండా ప్రయాణికులతో కాదు.

టికెట్ కొనుక్కుని వెళ్లగలిగే వాటిలో సింగపూర్–న్యూయార్క్ పేరు అందరూ చెప్పేది. దాదాపు 15,350 కి.మీ., పద్దెనిమిదిన్నర గంటల పైమాట. అడ్డం వచ్చేది ఇంధనం బరువు. చివరి గంటల్లో కాల్చే ఇంధనాన్ని అంతదాకా మోయడానికే మళ్లీ ఇంధనం కావాలి. అందుకే ఆ మార్గంలో నడిచే ఎయిర్‌బస్ ఏ350-900యూఎల్ఆర్‌లో సీట్లు 161 మాత్రమే, ఎకానమీ అసలు లేదు. లండన్–సిడ్నీ దాదాపు 17,000 కి.మీ. 2019లో ఆస్ట్రేలియా విమానసంస్థ క్వాంటాస్ ఒక ప్రయోగ ప్రయాణంలో దాన్ని 19 గంటల 19 నిమిషాల్లో దాటింది.

## గంటల లెక్క దగ్గర

దూరాన్ని 900తో భాగిస్తే గంటలు వచ్చేసినట్టేనా?

కాస్త తక్కువ వస్తుంది. పెద్ద విమానాలు ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ఎగురుతాయి. ఆ ఎత్తులో చలికి ధ్వని వేగమే గంటకు 1,060 కి.మీ.కి పడిపోతుంది కాబట్టి విమానం వేగం 900 అవుతుంది. కానీ అది మధ్యలో నిలకడగా ఎగిరేటప్పుడే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ, దారి కూడా కాస్త చుట్టు. అందుకని దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. సింగపూర్–న్యూయార్క్‌కి అలా చేస్తే 18 గంటల 30 నిమిషాల పైన వస్తుంది, నిజానికి చాలా దగ్గర. న్యూయార్క్–లండన్‌కి ఏడు గంటలు వస్తుంది. తూర్పుకు వెళ్లేటప్పుడు అది సరిపోతుంది, పడమరకు వచ్చేటప్పుడు ఇంకో గంట వేసుకోవాలి.

వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ గంటా రెండు గంటల తేడా ఎందుకు?

గాలి. 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో, సరిగ్గా విమానాలు ఎగిరే చోటే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. ఉత్తరార్ధగోళంలోనూ దక్షిణార్ధగోళంలోనూ దిక్కు అదే. గంటకు 160 కి.మీ. దాటడం మామూలే, చలికాలంలో ఇంకా బలపడుతుంది. విమానం గాలిలో ఎగురుతుంది, ఆ గాలి తనతో పాటు విమానాన్ని మోసుకుపోతుంది.

చిన్న లెక్క చూడండి. 8,000 కి.మీ. దూరం, విమానం వేగం 900, గాలి 100. వెనక నుంచి గాలి తోస్తే నేల మీద వేగం 1,000, ఎనిమిది గంటల్లో చేరతారు. ఎదురుగాలైతే 800, పది గంటలు. గాలే లేకపోతే ఎనిమిది గంటల 53 నిమిషాలు. అంటే వెనక గాలి మిగిల్చింది 53 నిమిషాలు, ఎదురుగాలి తినేసింది గంటా ఏడు నిమిషాలు. రానుపోను కలిపితే గాలి వల్ల మనకు ఎప్పుడూ నష్టమే, ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి.

ఇది ఎంతదాకా పోగలదో 2020 ఫిబ్రవరిలో తెలిసింది. తుఫాను గాలుల సాయంతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో దిగింది.

ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రయాణాల్లో ఈ తేడా పెద్దగా ఉండదు. లండన్–జొహానెస్‌బర్గ్ 9,000 కి.మీ. పైన, ఎటు వెళ్లినా పదకొండు గంటల చుట్టూ తిరుగుతుంది.

భూమి తిరుగుతోంది కదా, పడమరకు వెళ్తే ఊరే మన దగ్గరకు రావాలి కదా?

అడగదగ్గ ప్రశ్నే, కానీ అలా జరగదు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు 1,670 కి.మీ. లేచినంత మాత్రాన విమానం దాన్ని వదిలేసుకోదు. భూభ్రమణం ప్రభావం మరోలా ఉంది: జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు వీయడానికి అది ఒక కారణం.

దూరం ఎక్కువైన దారిలో వెళ్తే త్వరగా చేరడం సాధ్యమేనా?

సాధ్యమే, దీనికి మంచి ఉదాహరణ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో. గ్రేట్ సర్కిల్ దూరం 12,400 కి.మీ. దగ్గర, ఆ దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా, దాదాపు 13,900 కి.మీ. తిప్పేది. 2016 అక్టోబరులో దిక్కు మార్చి తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 15,300 కి.మీ.కి పెరిగింది, సమయం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటల దగ్గరకు వచ్చింది. అదనంగా 1,400 కి.మీ. తిరిగినా దారంతా జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోసింది. ప్రయాణ సమయం తెలుసుకోవడానికి కిలోమీటర్లు మాత్రమే చూడటం ఎందుకు చాలదో ఈ ఒక్క మార్గం చెబుతుంది.

అట్లాంటిక్ మీద ఈ పని ఏ రోజుకారోజు చేస్తారు. గాలి చూసుకుని సముద్రం మీద దారులు కొత్తగా గీస్తారు. నిన్న వెళ్లిన దారిలోనే ఈరోజు వెళ్తారని లేదు.

అతి దగ్గర దారి తెలిసి కూడా విమానం దాన్ని ఎందుకు వదిలేస్తుంది?

గాలి ఒక్కటే కారణం కాదు. దేశాలు తమ గగనతలం మూసేయవచ్చు. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకీ–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడు గంటల దాకా పెరిగింది. ఊళ్లు అక్కడే ఉన్నాయి, గ్రేట్ సర్కిల్ దూరం మారలేదు.

కొండలూ అడ్డమే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం వెంటనే 10,000 అడుగుల (దాదాపు 3,000 మీటర్ల) దగ్గరకు దిగాలి, మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట అటూ ఇటూ మాత్రమే వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, అంటే దిగడానికి చోటే లేదు. అందుకే ఆ మీదుగా దారులు తక్కువ.

రెండు ఇంజిన్ల విమానానికి ఇంకో షరతు. ఒక ఇంజిన్ ఆగినా నిర్ణీత సమయంలోపల ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేలా దారి ఎంచుకోవాలి. ఆ సమయం విమానాన్నిబట్టి ఉంటుంది. ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది కాబట్టి దక్షిణ మహాసముద్రాల మీద కూడా దాదాపు తిన్నగా పోగలదు.

టెక్నాలజీ ఇంత పెరిగినా ప్రయాణ సమయం ఎందుకు తగ్గలేదు?

తగ్గించడం చేతకాక కాదు, ఖర్చు భరించలేక. ధ్వని వేగాన్ని మించి ఎగిరే కాంకార్డ్ విమానం 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కి 2 గంటల 53 నిమిషాల్లోపే చేరింది. 2003లో దాన్ని ఆపేశారు. ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది, ఇంధనం మంచినీళ్లలా ఖర్చవుతుంది. కొత్త విమానాలు మిగిల్చేది నిమిషాలను కాదు, ఇంధనాన్ని.

## టికెట్ చూస్తున్నప్పుడు

సాయంత్రం ఎక్కి అదే రోజు పొద్దున దిగుతున్నట్టు ఉంది. టికెట్ తప్పా?

తప్పు కాదు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. టోక్యోలో సాయంత్రం 5 గంటలకు ఎక్కారనుకోండి. లాస్ ఏంజెలెస్‌కి తూర్పు దిక్కు ప్రయాణం, సుమారు పది గంటలు. దిగేసరికి టోక్యోలో మర్నాడు తెల్లవారుజామున 3. చలికాలంలో లాస్ ఏంజెలెస్ 17 గంటలు వెనక ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా మొదటి రోజు పొద్దున 10 గంటలే. తిరుగు ప్రయాణంలో ఈ బాకీ తీరిపోతుంది: మధ్యాహ్నం 12కి ఎక్కితే, పన్నెండు గంటల ప్రయాణం తర్వాత టోక్యోలో మర్నాడు సాయంత్రం 5.

మీ టికెట్‌కి లెక్క కట్టాలంటే రెండు సమయాలనూ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి) మార్చి తీసివేయండి. కొన్ని దేశాలు గంటల్లో కాక అరగంటల్లో, నేపాల్ అయితే 5 గంటల 45 నిమిషాల తేడాలో ఉంటుంది, అది మరిచిపోవద్దు. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాలైతే ప్రయాణం రోజున ఏ సమయం అమల్లో ఉంటుందో చూడాలి.

నాన్‌స్టాప్, డైరెక్ట్ రెండూ ఒకటేనా?

కాదు, ఇక్కడ మోసపోయేవాళ్లు చాలామంది. నాన్‌స్టాప్ అంటే ఎక్కిన చోటి నుంచి దిగే చోటిదాకా మధ్యలో ఆగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు ఒకటే, మధ్యలో ఒకచోట దిగి మళ్లీ లేవవచ్చు. టికెట్ తీసుకునే ముందు స్టాప్‌ల దగ్గర సున్నా ఉందో లేదో చూసుకోండి.

టికెట్ మీద రాసిన గంటలన్నీ గాల్లోనేనా?

కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయం అది. రన్‌వే దాకా పాకడానికి, వరసలో నిలబడటానికి పట్టే సమయం అందులోనే. రద్దీ విమానాశ్రయంలో అరగంట దాకా నేల మీదే పోవచ్చు. గూగుల్‌లో వెతికితే వచ్చే సమయం గాల్లో ఉండేది మాత్రమే అయితే, టికెట్ మీది సమయం ఎక్కువగా కనిపించడం సహజం.

ఒక స్టాప్ ఉన్న టికెట్ చవక. సమయం ఎంత పెరుగుతుంది?

ఆగే ఊరు దారిలో ఉందా, పక్కకు ఉందా అన్నదే అసలు విషయం. రెండు భాగాల దూరాలు కూడి, నేరు దూరంతో పోల్చండి. పది శాతం లోపే ఎక్కువైతే దారి బాగున్నట్టే. దాని మీద రెండో విమానం కోసం ఆగే సమయం, ఒకసారి దిగి మళ్లీ ఎక్కడానికి దాదాపు గంట వేసుకోండి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా అన్నది దూరం కంటే ముఖ్యం. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు బాధ్యత సాధారణంగా మీదే అవుతుంది.

## గాల్లో ఉన్నప్పుడు

సీటు ముందు స్క్రీన్ మీద 1,150 చూపిస్తోంది. ధ్వని వేగం దాటేశామా?

లేదు. స్క్రీన్ చూపించేది నేల మీద వేగం. చుట్టూ ఉన్న గాలిలో విమానం వేగం 900 దగ్గరే ఉంది, మిగతా 250 వెనక గాలి ఇచ్చింది. ధ్వని వేగం దాటడం అన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పే మాట. అదే స్క్రీన్ మీద బయటి ఉష్ణోగ్రత, గాలి వేగం కూడా వస్తుంటాయి, కాస్త ఓపిగ్గా చూస్తే రెండు అంకెలూ కూడి సరిచూసుకోవచ్చు.

నలభై నిమిషాలు ఆలస్యంగా లేచి కూడా సమయానికే ఎలా దిగింది?

షెడ్యూలులో ముందే కొంత సమయం కలిపి పెడతారు. పైలట్ వేగం పెంచి సంపాదించేది దూర ప్రయాణంలో కూడా కొద్ది నిమిషాలే. మిగతాది ఆ కలుపు సమయం, గాలి చలవ.

ఊరు కిందే కనిపిస్తోంది, అయినా గుండ్రంగా ఎందుకు తిప్పుతున్నారు?

దిగడానికి వరస. హీత్రూ చుట్టూ ఇలా తిప్పి ఉంచడానికే నాలుగు చోట్లున్నాయి: బోవింగ్‌డన్, లాంబోర్న్, బిగ్గిన్, ఓఖమ్. విమానాలు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా తిరుగుతూ, కింది విమానం వెళ్లగానే ఒక్కో మెట్టు దిగుతుంటాయి.

## దిగాక

ఆలస్యానికి పరిహారం అడగాలంటే ఏ దూరం రాయాలి?

యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి 261 నిబంధన ప్రకారం గ్రేట్ సర్కిల్ దూరమే లెక్క, విమానం ఎంత తిరిగిందన్నది కాదు. పరిహారం మెట్లు 1,500, 3,500 కి.మీ. దగ్గర మారతాయి. ఒకే టికెట్ మీద మారి వెళ్లినా మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య నేరు దూరమే తీసుకుంటారు.

కార్బన్ కాలిక్యులేటర్‌లో దూరం ఎక్కువ చూపిస్తోంది, ఎందుకు?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతిలో గ్రేట్ సర్కిల్ దూరానికి కొంత కలుపుతారు: 550 కి.మీ. లోపు ప్రయాణానికి 50, 5,500 లోపు అయితే 100, ఆపైన 125 కి.మీ. చుట్టు దారులకు, గాల్లో తిప్పడానికి అది లెక్క.

పది గంటలు ఎగిరి ఒకసారి బాగానే ఉన్నాను, ఇంకోసారి వారం దాకా నిద్ర పట్టలేదు. ఎందుకిలా?

శరీరాన్ని ఇబ్బంది పెట్టేది ఎగిరిన గంటలు కాదు, దాటిన టైమ్ జోన్లు. లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కి పదకొండు గంటలు ఎగిరినా గడియారం ఒకటి రెండు గంటలే మారుతుంది, అలసట ఒక రాత్రి నిద్రతో పోతుంది. అదే పదకొండు గంటలు తూర్పుకు ఎగిరితే శరీరంలోని గడియారం రోజుకు దాదాపు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది. తూర్పు ప్రయాణం పడమరకంటే కష్టం కూడా. చాలామందిలో ఆ లోపలి గడియారం 24 గంటలకంటే కాస్త ఎక్కువ నడుస్తుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. చేరిన ఊళ్లో మొదటి రెండు మూడు రోజులు ముఖ్యమైన పనులేవీ పెట్టుకోకపోతే మంచిది.